వెనక షాక్‌కు పెద్ద ఎయిర్ క్యాన్: నల్లగొండలో ఒక మౌంటెన్ బైక్ కేసు

నిరుడు వేసవి సెలవులు మొదలైన వారంలో ఒక ప్రభుత్వ ఉపాధ్యాయుడు తన మౌంటెన్ బైక్‌ను (గుట్టల్లో నడిపే సైకిల్‌ను) నల్లగొండ గడియారం సెంటర్‌కు దగ్గరలో ఉన్న నా వర్క్‌షాపుకు తెచ్చారు. వెనక చక్రానికి 140 మిల్లీమీటర్ల ట్రావెల్ (చక్రం పైకి కదలగల దూరం) ఉన్న, రెండు చక్రాలకూ సస్పెన్షన్ ఉండే ఫుల్ సస్పెన్షన్ బండి అది. హైదరాబాదులో సెకండ్ హ్యాండ్‌లో కొని, రెండేళ్లుగా వారం మధ్యలో పానగల్లు ఉదయసముద్రం కట్ట వైపు, ఆదివారాలు రాచకొండ గుట్టల్లో నడుపుతున్నారు. ఆయన వచ్చింది వెనక షాక్ (కుదుపులను మింగే షాక్ అబ్జార్బర్) మార్పించుకోవాలన్న నిర్ణయంతోనే. తన బాధను ఒక్క వాక్యంలో చెప్పారు: "అన్నా, గులకరాయి తగిలినా నడుం దాకా తెలుస్తది, గుట్ట దిగేటప్పుడు మాత్రం టక్కుమని అడుగు తాకుతది."

ఈ రెండు లక్షణాలు ఒకే షాక్‌లో ఒకేసారి కనిపించడం నన్ను ఆలోచింపజేసింది. గాలి ఎక్కువైతే చిన్న ఎగుడుదిగుళ్లు తెలియాలి, తక్కువైతే షాక్ చివరిదాకా నొక్కుకుని అడుగు తాకాలి. రెండూ కలిసి వచ్చాయంటే కారణం ఒకటే అయి ఉండదని అనిపించింది. అందుకే కొత్త షాక్ మాట పక్కన పెట్టి, వారం రోజులు బండిని నా దగ్గర వదలమని అడిగాను. ఆ వారంలోనూ, తరువాతి రెండు నెలల్లోనూ ఏమి కొలిచాము, ఏమి మార్చాము, ఎక్కడ నేను పొరబడ్డాను అన్నది ఇక్కడ రాస్తున్నాను.

షాక్ కొలత కంటి నుంచి కంటికి (రెండు చివరల బోల్టు రంధ్రాల మధ్య) 200 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (షాక్ నొక్కుకోగల దూరం) 57 మిల్లీమీటర్లు. చక్రం ట్రావెల్‌ను స్ట్రోక్‌తో భాగిస్తే సుమారు 2.45 వస్తుంది, అంటే షాక్ ఒక మిల్లీమీటరు నొక్కుకుంటే చక్రం సగటున దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. ఈ నిష్పత్తి ముందుగా తెలుసుకోవాలి, ఎందుకంటే షాక్ దగ్గర కనిపించే చిన్న తేడా చక్రం దగ్గర రెండున్నర రెట్లు అవుతుంది. హెల్మెట్, నీళ్ల సంచి, బూట్లతో కలిపి ఆయన బరువు 88 కిలోలు. షాక్‌లో ఉన్న గాలి 230 పీఎస్ఐ. గోడకు మోచేయి ఆనించుకుని, లాక్ మీట తెరిచి, బండి మీద మామూలుగా కూర్చోమన్నాను. దిగాక షాఫ్ట్ మీది రబ్బరు రింగు 10 మిల్లీమీటర్ల దగ్గర నిలిచింది. మనిషి బరువుకే షాక్ ఇలా కుంగడాన్ని శాగ్ అంటాము. ఈ రకం బండికి అది స్ట్రోక్‌లో 25 నుంచి 30 శాతం ఉండాలి, ఇక్కడ 18 శాతం కూడా లేదు. అంత గాలి ఎందుకు కొట్టారని అడిగితే, అడుగు తాకే చప్పుడు పోవడానికి నెల నెలా కొంచెం పెంచుకుంటూ వచ్చానన్నారు.

అయితే ఆ చప్పుడు అడుగు తాకడం వల్ల వచ్చినది కాదు. గాలిని 195కు తగ్గించి, ఆయనతోనే వర్క్‌షాపు ముందున్న ఎత్తైన అరుగు మీది నుంచి బండిని దింపించాను. టక్ మని వినిపించింది. రింగును చూస్తే 50 మిల్లీమీటర్ల దగ్గర ఆగి ఉంది, ఇంకా 7 మిల్లీమీటర్ల స్ట్రోక్ వాడకుండా మిగిలింది. అడుగు తాకనిదే చప్పుడు ఎక్కడిది? బండి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, షాక్ పై కన్ను ఫ్రేముకు బిగిసే చోట చూపుడు వేలు ఆనించి, రెండో చేత్తో సీటును వెంట్రుకవాసి పైకెత్తి వదిలాను. వేలి కింద లోహం కదిలింది. బోల్టు తీసి చూస్తే లోపలి బుష్ ఒక పక్క పూర్తిగా అరిగి, మీది బూడిద రంగు పొర పోయి, రాగి రంగు బయటపడింది. ఎర్ర మొరం దుమ్ము అందులో చేరి సానరాయిలా పనిచేసింది. అరిగిన ఒక బుష్ చప్పుడు ఆపడానికి రెండేళ్లు గాలి పెంచుతూ పోతే, షాక్ బండలా గట్టిపడింది. ఈ ఒక్క సంగతి తేలకుండా కొత్త షాక్ బిగించి ఉంటే, అదే చప్పుడు కొత్త షాక్‌లో కూడా వినిపించేది, ఆయన అందులోనూ గాలి పెంచేవారు.

బుష్‌ను, దానితో వచ్చే పిన్నును, వాషర్లను మార్చాక ఎయిర్ క్యాన్ (షాక్‌లో గాలి నిలిచే బయటి డబ్బా) సర్వీసుకు పూనుకున్నాను. చాలా షాక్‌లకు 50 గంటల సవారీకి ఒకసారి క్యాన్ విప్పి శుభ్రం చేసి సీళ్లు చూడమని తయారీదారులే చెబుతారు. ఈ బండికి కొన్నప్పటి నుంచి ఒక్కసారి కూడా జరగలేదు. విప్పే ముందు గాలి మొత్తం తీయాలి. వాల్వును నెమ్మదిగా నొక్కుతూ మధ్య మధ్య షాక్‌ను ఆడిస్తూ తీయాలి, లేకపోతే లోపలి రెండో గాలి గదిలో, అంటే కింద వివరించే నెగటివ్ గదిలో, గాలి చిక్కుకుని షాక్ నొక్కుకుపోయి అలాగే ఉండిపోతుంది. అలా ఉండిపోయిన షాక్‌ను ఎవరూ విప్పకూడదు, ఎందుకంటే లోపల ఒత్తిడి ఉన్న డబ్బా మరలు వదిలిన క్షణంలో తూటాలా వస్తుంది. గాలి అంతా పోయిందని నమ్మకం కుదిరాక కూడా నేను షాక్ కంటిలో మందపాటి గుడ్డ దూర్చి, క్యాన్ ఎగిరి రాకుండా అడ్డు పెట్టి, అప్పుడే పట్టీ పానా వేస్తాను.

లోపల గ్రీజు నల్లగా, తారులా ఉంది. దుమ్మును తుడిచే బయటి సీలు అంచు గట్టిపడి, గోటితో నొక్కితే గుంట పడకుండా ఉంది. మన సైకిల్ షాపుల్లో ఏది విప్పినా కిరోసిన్‌లో ముంచడం అలవాటు. దయచేసి సస్పెన్షన్ భాగాల విషయంలో ఆ అలవాటు మానాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పోగులు వదలని గుడ్డ చాలు. గ్రీజు కూడా సస్పెన్షన్ కోసం తయారైనదే వాడాలి, పెట్రోలియం గ్రీజు కొన్ని రకాల సీళ్లను ఉబ్బిస్తుంది. డ్యాంపర్‌ను (షాక్ కదలికను నూనెతో అదుపు చేసే లోపలి భాగాన్ని) కూడా ఈ దశలోనే పరీక్షించాను. క్యాన్ లేకుండా షాఫ్ట్‌ను చేత్తో నొక్కి లాగితే కదలిక మొదటి నుంచి చివరి వరకు ఒకే తీరుగా ఉండాలి, మధ్యలో ఖాళీ తగలకూడదు, పిచికారీ చప్పుడు రాకూడదు, షాఫ్ట్ మీద నూనె తడి కనిపించకూడదు. ఈ షాక్ అన్నింటిలోనూ బాగుంది. బాగుండకపోతే ఈ కేసు ఇక్కడే ఆగిపోయేది, ఎందుకంటే నైట్రోజన్ నింపిన డ్యాంపర్‌ను తెరిచి మళ్లీ నింపే పరికరాలు నా దగ్గర లేవు, నూనె కారే డ్యాంపర్ మీద కొత్త క్యాన్ బిగించడం డబ్బు దండగ.

కొత్త సీళ్లతో, 195 పీఎస్ఐ గాలితో శాగ్ 14 మిల్లీమీటర్లకు వచ్చింది. రాచకొండ వెళ్లి వచ్చి చప్పుడు పోయిందని, బండి చాలా మెత్తబడిందని ఆయన సంతోషంగా చెప్పారు. కానీ నేను బాగున్న వాటి సంగతి వదిలి, ఇంకా బాధ పెడుతున్నవేమిటో అడిగాను. ఎడ్లబండ్ల బాటలో వరుసగా వచ్చే చిన్న గతుకులు, పరుపుబండ మీద చెదిరి ఉండే గులకరాళ్లు ఇంకా చేతికీ, నడుముకూ తెలుస్తున్నాయని, పెద్ద రాళ్ల దగ్గర మాత్రం ఇబ్బంది లేదని చెప్పారు. ఇది సర్వీసుతో తీరేది కాదు. ఇది ఆ షాక్ నిర్మాణంలోనే ఉంది.

వెనక ఎయిర్ షాక్‌లో గాలి రెండు గదుల్లో ఉంటుంది. పాజిటివ్ గది మన బరువును మోస్తుంది, నెగటివ్ గది పిస్టన్‌ను ఎదురు వైపు నుంచి నెట్టి, షాక్ మొదట కదలడానికి సాయం చేస్తుంది. షాక్ నొక్కుకునే కొద్దీ పాజిటివ్ గది చిన్నదవుతుంది, నెగటివ్ గది పెద్దదవుతుంది. పాత షాక్‌లలో ఈ నెగటివ్ గది చాలా చిన్నది. లెక్క సులభంగా ఉండటానికి దాని పొడవు 6 మిల్లీమీటర్లు అనుకుందాము. షాక్ 6 మిల్లీమీటర్లు కదలగానే గది రెట్టింపవుతుంది, లోపలి ఒత్తిడి సగానికి పడిపోతుంది. అంటే సాయం చేసే చెయ్యి మొదటి అడుగులోనే వదిలేసింది, ఆ తరువాత పాజిటివ్ గది ఒక్కటే ఎదురు నిలుస్తుంది. నడిపేవారికి ఇది ప్రతి చిన్న రాయి దగ్గరా ఎక్కవలసిన గట్టులా తగులుతుంది. అదే గదికి 18 మిల్లీమీటర్లకు సరిపడే చోటు ఉంటే, 6 మిల్లీమీటర్లు కదిలిన తరువాత కూడా ముప్పాతిక వంతు ఒత్తిడి మిగిలి ఉంటుంది. రాక్‌షాక్స్ కంపెనీ డెబోన్‌ఎయిర్ పేరుతో, ఫాక్స్ కంపెనీ ఎవోల్ పేరుతో తెచ్చిన క్యాన్‌లలో ఉన్న కిటుకు ఇదే. డ్యాంపర్ అలాగే ఉంచి, క్యాన్ చుట్టూ మరో తొడుగు వేసి నెగటివ్ గదికి చోటు పెంచారు.

క్యాన్ ఒక్కటే మార్చాలని నేను గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. 2016లో షాక్‌లకు మెట్రిక్ కొలతలు వచ్చాయి. ఆ తరువాత వచ్చిన కొత్త నమూనాలు ఎక్కువగా 210, 230 వంటి పొడవులలో తయారవుతున్నాయి. ఈయన ఫ్రేము అంతకు ముందుది, 200కు 57 కొలతకే కట్టినది. పొడవు పెరిగితే బండి జ్యామితి మారుతుంది, స్ట్రోక్ పెరిగితే వెనక చక్రం ఫ్రేమును తాకే ప్రమాదం ఉంది. ఆయన షాక్ నమూనాకే, అదే స్ట్రోక్‌కు తయారైన పెద్ద క్యాన్ దొరుకుతుందని తేలింది, ఖర్చు కొత్త షాక్‌లో నాలుగో వంతు లోపే.

తెప్పించే ముందు చోటు సరిపోతుందా అన్నది చూడాలి, ఎందుకంటే క్యాన్ లావెక్కితే కొన్ని ఫ్రేములలో లింకుకో గొట్టానికో తగులుతుంది. కొత్త క్యాన్ వ్యాసం ఎంతో తెలుసుకుని, పాత క్యాన్ చుట్టూ అట్టముక్కలు చుట్టి అంత లావు చేశాను. ఫ్రేము గొట్టం మీద, లింకు లోపలి వైపున జొన్నపిండి ముద్దలు అతికించి, గాలి పూర్తిగా తీసి, వెనక చక్రాన్ని చివరిదాకా పైకి నొక్కాను. లింకు వైపు ముద్ద అసలు నలగలేదు. గొట్టం వైపు ముద్ద నలిగి, 4 మిల్లీమీటర్ల మందం మిగిలింది. అది చాలు, కానీ నీళ్ల సీసా పట్టీని ఒక అంగుళం కిందికి జరపవలసి వచ్చింది.

క్యాన్ రావడానికి మూడు వారాలు పట్టింది. బిగించిన రోజు నేను చేసిన పొరపాటును వివరంగా చెబుతాను, ఎందుకంటే పెద్ద నెగటివ్ గది ఉన్న షాక్‌ను మొదటిసారి ముట్టుకునే ప్రతివారికీ ఇది ఎదురవుతుంది. పాత చిన్న క్యాన్‌ల అలవాటులో పంపు తగిలించి, ఆపకుండా 200 పీఎస్ఐ వరకు కొట్టేశాను. పంపు తీసి బండిని నాలుగుసార్లు గట్టిగా నొక్కి, మళ్లీ పంపు పెడితే ముల్లు చాలా కిందికి పడిపోయింది. కారుతున్నదనుకున్నాను. క్యాన్ విప్పి, సీళ్లన్నీ తీసి వెలుతురులో చూసి, ఏ లోపమూ కనబడక, కొత్త సీళ్లు వేసి మళ్లీ బిగించాను. మళ్లీ అదే జరిగింది. షాక్‌ను నీళ్ల బకెట్‌లో ముంచితే ఒక్క బుడగ కూడా రాలేదు. అప్పుడు తట్టింది. రెండు గదులకు మధ్య గాలి మారే చిన్న గాడి, షాక్ కొంత నొక్కుకున్నప్పుడే తెరుచుకుంటుంది. నేను పంపుతో నింపింది పాజిటివ్ గది ఒక్కటే. బండిని నొక్కగానే ఆ గాలి ఖాళీగా ఉన్న పెద్ద నెగటివ్ గదిలోకి పోయింది. గాలి ఎక్కడికీ పోలేదు, ఉండవలసిన రెండో గదికే వెళ్లింది. ఒక రోజు పని, ఒక సీళ్ల కిట్టు వృథా అయ్యాయి. అప్పటి నుంచి 50 పీఎస్ఐ కొట్టిన ప్రతిసారీ ఆగి, స్ట్రోక్‌లో పావు వంతు దాకా పదిసార్లు నెమ్మదిగా ఆడించి, ఆ తరువాతే ముందుకు వెళుతున్నాను. ఇంకొక సంగతి, పంపు తిరిగి తగిలించినప్పుడల్లా గొట్టం నిండడానికి కొంత గాలి షాక్ నుంచే పోతుంది, కాబట్టి కొద్దిగా తక్కువ చూపిస్తే భయపడనక్కరలేదు.

195 పీఎస్ఐ దగ్గర కొత్త క్యాన్‌తో శాగ్ 20 మిల్లీమీటర్లు చూపింది, అంటే 35 శాతం. ఇది అనుకున్నదే. నెగటివ్ గది ఎక్కువ సాయం చేస్తున్నప్పుడు, అదే బరువును అదే ఎత్తులో నిలపడానికి పాజిటివ్ గదికి ఎక్కువ గాలి కావాలి. పాత అంకెను కొత్త క్యాన్‌కు అంటగట్టకూడదు. 220 దగ్గర శాగ్ 16 మిల్లీమీటర్లకు, అంటే 28 శాతానికి వచ్చింది. గాలి పెరిగినందుకు రీబౌండ్ (నొక్కుకున్న షాక్ తిరిగి లేవడం) కూడా నెమ్మది చేయాలి, పూర్తిగా బిగించిన చోటు నుంచి ఆరు క్లిక్కులు ఉన్నదాన్ని ఐదుకు తెచ్చాను. అరుగు దిగిన తరువాత సీటు ఒక్కసారి లేచి కుదురుకుంటే రీబౌండ్ సరిగ్గా ఉన్నట్టు, రెండోసారి ఊగితే ఇంకా వేగంగా ఉన్నట్టు.

ఆ ఆదివారం ఆయనతో నేనూ రాచకొండ వెళ్లాను. కోట వైపున్న పాత రాతి మెట్ల మీద బండి నడపవద్దని ఎవరు వచ్చినా నేను అడుగుతాను, ఆ మెట్లు రేచర్ల పద్మనాయకుల కాలపు రాజధానివి, అరిగితే మళ్లీ రావు. మేము పరీక్షించింది గుట్ట పక్క పశువుల బాటలోని మోకాలెత్తు రాతి గట్టు దగ్గర. వెళ్లే దారిలో గులకరాళ్ల మీద ఆయన వెనక చక్రాన్ని గమనించాను. పాత క్యాన్‌తో చక్రం రాయి మీది నుంచి ఎగిరి పడేది, ఇప్పుడు నేలను వదలకుండా పాకినట్టు పోతున్నది. అక్కడ మాత్రం సంపూర్ణంగా ఫలితం వచ్చింది. కానీ రాతి గట్టు దిగగానే ఈసారి నిజంగానే అడుగు తాకింది. రబ్బరు రింగు షాఫ్ట్ చివరికి పోయింది, చప్పుడు కూడా బుష్ చప్పుడు కాదు, మొద్దుగా ఉంది.

ఈ క్యాన్ పాజిటివ్ వైపు కూడా పాతదాని కన్నా కొంచెం పెద్దది. గది పెద్దదైతే చివరి భాగంలో ఒత్తిడి పెరిగే వేగం తగ్గుతుంది, షాక్ చివరిదాకా ఒకే తీరుగా దిగిపోతుంది. ఇక్కడ మళ్లీ గాలి పెంచడం మొదటి తప్పునే తిరిగి చేయడం అవుతుంది. దీనికి మందు వాల్యూమ్ స్పేసర్, ఈ క్యాన్‌లో అవి లోపలి గాడిలో కూర్చునే రబ్బరు బ్యాండ్లు. అవి గాలి ఉండే చోటును తగ్గిస్తాయి. ఆ తేడా మొదటి భాగంలో దాదాపు తెలియదు, చివరి మూడో వంతులో బాగా తెలుస్తుంది. అదే గట్టు దగ్గర, 220 గాలితో, ఒక్కొక్క బ్యాండ్ చొప్పున పెంచుతూ మూడు ఆదివారాలు పరీక్షించాము. ఒక బ్యాండ్‌తో పూర్తి 57 మిల్లీమీటర్లు వాడింది, చప్పుడు రాలేదు. రెండు బ్యాండ్లతో 54 దగ్గర ఆగింది. మూడు బ్యాండ్లతో 49 దగ్గరే ఆగింది, దిగుడు మధ్యలో గట్టిపడుతున్నదని ఆయనే చెప్పారు. రెండింటి దగ్గర స్థిరపడ్డాము. శాగ్ 16 నుంచి 15.5కు మాత్రమే మారింది.

ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలన్న పట్టుదల ఆయనకు మొదట విసుగు తెప్పించింది, బ్యాండ్లూ గాలీ కలిపి ఒకేసారి మార్చి చూద్దామన్నారు. రెండూ కలిపి మారిస్తే ఏది ఏమి చేసిందో ఇద్దరికీ తెలియదు కదా సార్ అన్నాను. ఆయన లెక్కలు చెప్పేవారు, ఇంకేమీ అనలేదు. మరుసటి ఆదివారం నుంచి నోటు పుస్తకంలో గడులు గీసి అంకెలన్నీ తనే రాశారు.

మన ఎండల సంగతి ప్రత్యేకంగా రాయాలి. ఉదయం 27 డిగ్రీల వేడిలో 220 పీఎస్ఐ పెట్టిన షాక్, మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలకు చేరితే, వాతావరణ పీడనాన్ని కూడా కలిపి లెక్క వేస్తే, సుమారు 234 చూపుతుంది. ఈ 14 పీఎస్ఐ వల్ల శాగ్ ఒకటి రెండు మిల్లీమీటర్లు తగ్గుతుంది. ఎండలో నిలిపిన కారు వెనకాల తెచ్చిన బండి ఇంకా వేడెక్కి ఉంటుంది. అందుచేత గాలి కొలిచే వేళ సవారీ వేళే కావాలి, బండి కాసేపు నీడలో నిలబడిన తరువాతే కావాలి. ఉపాధ్యాయుడు ఇప్పుడు గుట్ట కింద చింతచెట్టు నీడలో కొలుచుకుంటున్నారు.

వెనక మెత్తబడ్డాక ముందు ఫోర్కు (ముందు చక్రం సస్పెన్షన్) గట్టిగా ఉన్నట్టు తెలియసాగింది, ఇది క్యాన్ మార్చిన చాలా బండ్లలో చూశాను. ఫోర్కులో 5 పీఎస్ఐ తగ్గించి, రీబౌండ్ ఒక క్లిక్కు వేగం చేస్తే రెండు చక్రాలూ జతకుదిరాయి.

వానలు మొదలై, 40 గంటల సవారీ అయ్యాక క్యాన్‌ను మళ్లీ విప్పి చూశాను. గ్రీజు రంగు మారింది గాని నల్లబడలేదు. బయటి సీలు అంచున మాత్రం సన్నని ఎర్ర గీతలా మొరం పేరుకుని ఉంది, లోపలికి ఇంకా దిగలేదు. మన నేలల్లో 50 గంటలు ఆగకుండా 40కే విప్పాలని ఆయన పుస్తకంలో రాయించాను. కొత్త బుష్‌లో కదలిక లేదు. బ్యాండ్లు రెండూ గాడిలో కదలకుండా ఉన్నాయి. గాలి 220 నుంచి 216కు వచ్చింది, అందులో కొంత పంపు గొట్టానిదే.